చూలాలికి చెప్పని కబురు

అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి, రెంటికీ నడుమ చిటికెనవేలు పట్టేంత చోటు. ఆ చోట్లో పెన్ను మొన ఆనించి ఎంతసేపు కూర్చుందో రేవతికి తెలియలేదు, చూసుకునేసరికి కాగితం మీద సిరా చుక్క కందిగింజంత అయింది. తొమ్మిదో ప్రశ్న. గర్భంతో ఉన్న కాలంలో తల్లి తీవ్రమైన భయానికి గాని, దుఃఖానికి గాని, ఆందోళనకు గాని లోనయ్యారా? ఎంత మర్యాదగా అడిగారో. ఇంట్లో ఆమెను ఏ సంగతీ ఎవరూ ఇంత మర్యాదగా అడిగి ఎరగరు. పక్కన అత్త అంకమ్మ కాళ్ళు బల్ల మీదికి మడిచి, క్యారేజీ సంచి ఒళ్ళో పెట్టుకుని, "కాదని కొట్టవే, దానికంత ఆలోచనేంటి, చీమ తలకాయంత దిగులైనా తగలనిచ్చామా నీకు" అని అప్పటికి రెండుసార్లు అంది. అంకమ్మకు చదువు రాదు. రేవతి ఏ గడిలో గీత గీసినా ఇక్కడ కూర్చుని పట్టుకోలేదు. కానీ లోపలికి వెళ్ళాక డాక్టరమ్మ ఈ కాగితం పైకి చదువుతుంది, అవునని ఉంటే ఏమైందమ్మా అప్పుడు అని అడుగుతుంది, అంకమ్మ ఎదురుగానే ఉంటుంది. అప్పుడేం చెప్పాలి? అంతకంటే ఈ కాదు అనే గడే నయం, ఒక్క గీత, అందరూ సుఖంగా ఉంటారు, అత్త, మొగుడు, పాలెం పాలెమంతా, ఒక్క లాస్య తప్ప.

బందరు పెద్దాసుపత్రిలో పిల్లల ఎదుగుదల చూసే గది అది. బయట ఇనప బల్ల, చేతిలో ముప్పై ఒకటో నంబరు చీటీ, లోపల ఇంకా ఇరవై మూడే నడుస్తోంది. హంసలదీవి పక్కనున్న తమ పాలెంలో పొద్దున్నే ఆటో ఎక్కి, కోడూరులో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు మారి వచ్చారు. దారి పొడుగునా లాస్య కిటికీలోంచి చూడలేదు, కాలవలో బాతుల మంద కనపడ్డా చూడలేదు, కండక్టరు మొహం చూసింది, ఎదురు సీటు ముసలాయన మొహం చూసింది, మధ్యమధ్య తల ఎత్తి తల్లి మొహం చూసింది. నాలుగేళ్ళ పిల్ల. ఏడవదు. లోకంలో తల్లులందరూ పిల్లలు ఏడుస్తున్నారని తలలు పట్టుకుంటుంటే రేవతి తన పిల్ల ఏడవడం లేదని ఇంత దూరం వచ్చింది, వింటే ఎవరైనా నవ్విపోతారు. అంగన్‌వాడీలో మెట్టు మీంచి పడి మోకాలు చీరుకుపోతే నోరు మెదపలేదట, చుట్టూ చేరిన వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసి, గోడకు ఆనుకుని నిలబడిందట. ఇంటి గడప దాటితే మాట లేదు. పెద్ద చప్పుడైనా, ఎవరైనా గొంతు పెంచినా పిడికిళ్ళు బిగుస్తాయి, ఊపిరి లోపలే ఆగిపోతుంది, పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి, అప్పుడు మొహం మీద గట్టిగా ఊదాలి, వీపు తట్టాలి, ఒకోసారి కళ్ళు తేలేసి చేతుల్లో వాలిపోతుంది కూడా. అంగన్‌వాడీ టీచరు అన్నమ్మగారే ఇక్కడికి పంపింది. ప్రాణానికేం భయం లేదులే రేవతీ, కానీ ఈ పిల్ల లోపల ఏదో మోస్తోంది, దించుకోవడం తెలియడం లేదు, ఒకసారి చూపించుకురా అంది. లోపల ఏదో మోస్తోంది. ఆ మాట అన్నప్పటి నుంచి రేవతికి అన్నం సయించలేదు.

ఐదో ప్రశ్న మాత్రం చిటికెలో అయిపోయింది. తల్లి వైపు గాని తండ్రి వైపు గాని అతిగా భయపడేవారు, దిగులు జబ్బు ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? పైకి చదివి వినిపించిందో లేదో, "మీ అమ్మ పేరు రాయి" అంది అంకమ్మ, "ఉరుముకి మంచం కిందికి దూరే మనిషి. ఆ రక్తం యాడికి పోద్ది?" రాసింది. శాంతి, అమ్మమ్మ. రాస్తుంటే అమ్మ పేరును పోలీసులకు ఇస్తున్నట్టనిపించింది. అత్త అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ముదినేపల్లిలో నాన్న చేపల చెరువుల మీద కాపలాకు పోతే, ఈశాన్యం నల్లబడగానే అమ్మ తనను లాక్కుని మంచం కిందికి చేరేది, చెవులు మూసి గుండెలకు అదుముకునేది, అందుకని రేవతికి చిన్నప్పుడు ఉరుము ఆకాశంలోంచి వినపడేది కాదు, అమ్మ గుండెలోంచి వినపడేది. గుడివాడ డాక్టరు నరాల బలహీనత అని బిళ్ళలిచ్చాడు. బిళ్ళలతో నిద్ర వచ్చింది గాని భయం పోలేదు, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనంది, అంతే, రేవతి పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. ఆగిపోయే ముందు రోజు సైన్సు మాస్టారు శోభనాద్రిగారు బఠాణీల పాఠం మొదలుపెట్టారు. గుండ్రటి బఠాణీని ముడతల బఠాణీతో కలిపితే వచ్చినవన్నీ గుండ్రటివేనట, ముడత మాత్రం ఎక్కడికీ పోలేదట, లోపల దాక్కుందట, ఆ తర్వాతి కాపులో బయటికొస్తుందట. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, వీటిని ఎలా నింపాలో రేపు చూద్దాం అన్నారు. ఆ రేపు రేవతికి రాలేదు. నింపని ఆ నాలుగు గళ్ళూ ఆమె కళ్ళ ముందు అలాగే ఉన్నాయి. పైకి గుండ్రంగా ఉన్నది తనేనేమో, దాక్కున్న ముడత లాస్యలో బయటికొచ్చిందేమో, అమ్మ గుండెలోని ఉరుము తన కడుపులోంచి దాటి దీనికి చేరిందేమో. చేరితే దాన్ని ఏ డాక్టరు తీసేస్తాడు, రక్తం మార్చి రక్తం ఎక్కిస్తారా?

రక్తమే అయితే ఒక రకంగా నిమ్మళం. రక్తాన్ని ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు. కానీ ఫోనులో ఆ వీడియో చూసింది. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ, వెనక బీరువా నిండా పుస్తకాలు. కడుపుతో ఉన్న తల్లి దిగులు పడితే ఒంట్లో ఒకటి ఊరుతుందట, దాని పేరు రేవతి రెండుసార్లు వెనక్కి జరిపి విన్నా నోటికి పట్టుబడలేదు, అది ఎక్కువైతే మాయ దాటి బిడ్డకు కూడా చేరుతుందట, బయటి లోకం భయంకరమైందని ఆ బిడ్డ కడుపులోనే నేర్చుకుని దానికి తగ్గట్టే తయారవుతుందట. అందరు బిడ్డలకూ ఒకేలా తగలదట, కొందరికి పుట్టుకతోనే తొందరగా పట్టే గుణం ఉంటుందట. అంటే రక్తమూ కావాలి, దిగులూ కావాలి, రెండూ కలిస్తేనా? తన దగ్గర రెండూ ఉన్నాయి మరి. కాబట్టి తల్లులారా, సంతోషంగా ఉండండి అని ఆవిడ చివర్లో చక్కగా నవ్వింది, సంతోషం అంటే కూరలో ఉప్పు, తక్కువైతే ఇంకాస్త వేసుకోవచ్చు అన్నట్టు. ఆ వీడియో చూసేనాటికి రేవతికి నెల తప్పి పన్నెండు రోజులు. కోడూరు మందుల షాపులో కొనుక్కొచ్చిన పుల్ల మీద రెండు గీతలు పడ్డాయి. ఎవరికీ చెప్పలేదు, మొగుడు కొండలరావుకి కూడా. అప్పటి నుంచి లోపల ఇదే గోల, ఇప్పుడు నేను భయపడుతున్నాను, అది ఊరుతోంది, దాటుతోంది, భయపడకూడదు, భయపడకూడదని ఇలా బిగబట్టుకోవడం కూడా భయమేగా, అదీ ఊరుతుందిగా, దీనికి ఆనకట్ట ఎక్కడ? లాస్య ఇలా అవడానికి నీ కడుపే కారణం అని డాక్టరమ్మ గనక అంటే, ఈ రెండోదాన్ని ఉంచుకోకూడదు. తెలిసి తెలిసి ఇంకో ప్రాణాన్ని ఆ మంచం కిందికి లాగకూడదు. అంకమ్మను టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టి, లాస్యను అప్పగించి, ఇప్పుడే వస్తానని చెప్పి, ఒక్కతే ఆడవాళ్ళ విభాగానికి వెళ్ళి అడగాలి. అక్కడ కూడా ఇలాంటి కాగితమే ఇస్తారు కాబోలు.

"అక్కా, మీ పెన్నొకసారి ఇస్తారా?" పక్క బల్ల మీది ఆమె చెయ్యి చాచింది. నల్ల బురఖా, ముసుగు వెనక్కి తోసుకుని, చంకలో రెండేళ్ళ పాప. వేళ్ళ చివర్లు నల్లగా మెరుస్తున్నాయి. రేవతి చూపు చూసి, "గాజులక్కా, చిలకలపూడిలో రోల్డుగోల్డు, మెరుగు పెడతాం ఇంట్లోనే, ఎంత తోమినా ఈ నలుపు పోదు" అని నవ్వింది. పేరు ఖదీజా. పాపకు ఇంకా నడక రాలేదట. పెన్ను తీసుకుని, చదవనైనా చదవకుండా, కాదు అనే గళ్ళన్నిట్లో పై నుంచి కిందికి చకచకా గీసేసింది.

"అన్నీ కాదనే కొట్టేశారే?"

"అవునంటే ఎప్పుడు, ఎందుకు, ఎన్నాళ్ళు అని పట్టుకుంటారక్కా. పోయినసారి ఒక్కదానికి అవునన్నాను, గంట కూర్చోబెట్టారు. చెప్పాలంటే అన్నీ మా అత్త సంగతులే, ఆవిడేమో తలుపవతలే కూర్చునుంది. ఎట్టా చెప్పేది?"

"అత్తలంటే అందరికీ లోకువే" అంది అంకమ్మ, కోపం లేకుండా. "నన్నడుగు చెప్తా. లాస్య కడుపులో ఉండగా, దీనికి ఏడో నెల. మా వాడూ ఇంకో ముగ్గురూ వేటకు పోయారు, గాలివాన లేచింది, ఇంజను చెడిపోయి పడవ కొట్టుకుపోయింది. తొమ్మిది రోజులు. ఉన్నారో లేరో తెలవదు. చూలాలికి సముద్రం కబురు చెప్పగూడదని మాకో మాటుంది. చెప్పలా. పాలెం మొత్తం నోళ్ళు కట్టుకున్నాం. పిల్లకాయల చేత కూడా ఒట్లేయించా. వాడు గడపలో కాలు పెట్టినాకే దీనికి తెలిసింది, ఇట్టా పోయాడు అట్టా వచ్చాడని. ఏ అత్త చేసిద్ది చెప్పు?"

"మాషా అల్లా" అంది ఖదీజా పాప తల నిమురుతూ. "అదృష్టమంటే మీదేనక్కా."

రేవతి నవ్వింది. ఆ నవ్వు ఆమెకు అడగకుండానే వస్తుంది, కుళాయి తిప్పినట్టు.

ఆ తొమ్మిది రోజుల్లో మూడో రోజు పొద్దున ఆవకాయ జాడీ చేతిలోంచి జారింది, ఏడాది పచ్చడి నేలపాలైంది, నూనె గడప దాకా పారింది, జాడీ పెంకులు, ఆవపిండి ఘాటు, రేవతి చెవులు మూసుకోవడం ఒక్కటే తక్కువ, అంకమ్మ దొడ్లోంచి వచ్చింది, చూసింది, "పోనీలేమ్మా, కాలికి గుచ్చుకునేను, ఇటొచ్చెయ్యి" అంది. అమ్మా అంది. చెంచాడు నూనె ఒలికితే ఏడు తరాల్నీ కడిగేసే మనిషి. అప్పుడు తెలిసింది రేవతికి. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోడ పట్టుకుంది, ఆయన రాడు, పడవ రాలేదు, అందుకే నిన్నటి నుంచి తన ఫోను చార్జింగు పట్టడం లేదని పక్కింటివాళ్ళు బాగు చేయించడానికి పట్టుకుపోయారు, అందుకే కూరలో పెద్ద ముక్కలన్నీ తన పళ్ళెంలోనే పడుతున్నాయి, అందుకే చెరువుగట్టు మీద తగువులు లేవు, పాలెం ఆడవాళ్ళు జాతర రోజున కూడా అంత మెత్తగా మాట్లాడుకోరు. ఆ సాయంత్రం నెత్తి మీంచి హెలికాప్టరు పోయింది, సముద్రం వైపు పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది, ఏంటత్తయ్యా అది అంటే, ఎవరో మంత్రిగారులే, వరి చేలు మునిగినయ్యంట, చూసుకోటానికి వచ్చాడు అంది అంకమ్మ తలెత్తకుండా. మంత్రిగారు సముద్రంలో ఏ చేలు చూస్తాడని రేవతి అడగలేదు. అడిగితే ఆ గోడ కూలిపోతుంది. ఇంతమంది కలిసి చేతులు కాయలు కాసేలా తన చుట్టూ కడుతున్న గోడ, దాని మీద చెయ్యి వేస్తే అవతల ఉన్నది లోపలికి వస్తుంది. తను తెలియనట్టు ఉన్నంతసేపూ పడవ ఎక్కడో తేలుతూనే ఉంటుంది, తెలిసిందంటే మునిగిపోతుంది. అలా అనుకుంది. అందుకని తింది. పెట్టినవన్నీ తింది. జోకులేస్తే నవ్వింది. అందరి మొహాలూ చూస్తూ ఉండేది, ఎవరి మొహంలోనైనా ఏమైనా కబురు ఉందేమోనని, వాళ్ళు చూడగానే కళ్ళు దించేసేది.

ఐదో రోజున పూలు ముడుస్తామన్నారు. ఏడో నెల కదా, మంచి రోజు కుదిరింది అన్నారు. ఆయన రాకుండానా అంటే, గాజులు తొడుక్కోటానికి మగాళ్ళెందుకే, వాళ్ళకేమైనా తొడుగుతామా అని అందరూ పెద్దగా నవ్వారు. ముసురులోనే ఎవరి దొడ్లో ఉన్నవి వాళ్ళు తెచ్చారు, చామంతులు, కనకాంబరాలు, తడిసి బరువెక్కిన బంతిపూలు. జడ కనపడకుండా కుట్టారు. రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు. పీట మీద కూర్చోబెట్టి అద్దం చేతికిచ్చారు. అద్దంలో తన వెనక వాళ్ళ మొహాలు కనపడ్డాయి, తను చూడడం లేదనుకున్న మొహాలు. పక్కింటి విధవరాలు, శుభకార్యాల్లో ఎప్పుడూ వాకిలి దాటి రాని ముసలిది, ఆ రోజు లోపలికి వచ్చి, రేవతి తల మీద పూలను అలా చూసి, మొహం తిప్పుకుంది. అప్పుడు అర్థమైంది. ఇది కడుపు కోసం చేసే వేడుక కాదు. ఉన్న నాలుగు రోజులూ తనివితీరా పెట్టుకోనిద్దాం అని. ఇంకెప్పుడూ పెట్టుకోలేని దానికి ముందే పెట్టేస్తున్నారు. ప్రేమతోనే, అంత ప్రేమ తన మీద ఎవరూ అంతకు ముందూ తర్వాతా చూపించలేదు, ఆ ప్రేమకు తల బరువెక్కి మెడ వంగిపోయింది. లోపల బిడ్డ అప్పటిదాకా ఈదుతున్నది ఒక్కసారిగా ఆగిపోయింది. పొద్దు గూకేదాకా కదల్లేదు. అది కూడా తనలాగే, ఎవరూ పసిగట్టకుండా, ఊపిరి బిగబట్టుకుని కూర్చుందేమో. ఆ మాట ఇవాళ అనుకుంటోంది గాని ఆ రోజు అనుకోవడానికి కూడా లేదు, ఎదురుగా ఇరవైమంది ఆడవాళ్ళు నవ్వు అతికించుకుని చూస్తున్నారు, రేవతి అద్దంలోకి చూసి అందరికంటే బాగా నవ్వింది.

పదో రోజు కొండలరావు వచ్చాడు. నెల్లూరు వైపు తమిళ బోటువాళ్ళకు కనపడ్డారట. పెదాలు ఉప్పుకు పగిలి, చొక్కా ఎవరిదో వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు అందరూ ఒక్కసారి భోరుమని ఏడ్చి, ఏడుస్తూనే జరిగినదంతా రేవతికి చెప్పారు, ఒకరి మాట ఒకరు తెంపుకుంటూ చెప్పారు, రేవతి నోటి మీద చెయ్యి వేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఆశ్చర్యపోయింది. అంతా నమ్మారు. అంకమ్మ ఆమె పొట్ట మీద రెండు చేతులూ ఆనించి, నీకేం తగలనివ్వలా, నీ బిడ్డకేం తగలనివ్వలా అని పదిసార్లు అంది. ఆ మాట అనడానికి అంకమ్మకు ఎంత హక్కుందో రేవతికి తెలుసు. కొడుకు సముద్రంలో ఉంటే కోడలికి ముక్కలేరి పెట్టిన మనిషి. ఇన్నేళ్ళుగా సంతలో చెప్పింది, పెళ్ళిళ్ళలో చెప్పింది, ఇప్పుడు ఖదీజాకు చెప్పింది. నాకు తెలుసత్తయ్యా అని ఒక్క మాట అంటే ఆ తొమ్మిది రోజుల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరు. అనకపోతే, తప్పు మళ్ళీ అమ్మ రక్తానిది, ముదినేపల్లిలో మంచం కింద కూర్చున్న ఆ పిచ్చితల్లిది. ఎవర్ని కొట్టాలి ఈ గీతతో?

వరండా చివర ఎవరి చేతిలోంచో స్టీలు ట్రే జారి పడింది. గచ్చు మీద పడి, దొర్లి, గోడకు కొట్టుకుని, అంతదాకా మోగింది. లాస్య పిడికిళ్ళు బిగుసుకున్నాయి. చటుక్కున తల తిప్పింది, ట్రే వైపు కాదు, తల్లి వైపు. రేవతి మొహం మీదికి నవ్వు వచ్చేసింది, ఏం కాలేదమ్మా, ఏం లేదు, అమ్మ నవ్వుతోందిగా, అని చెప్పే నవ్వు. పిల్ల ఆ నవ్వును చూసింది. నమ్మలేదు. నాలుగేళ్ళ కళ్ళు ఆ నవ్వు కింద ఏముందో వెతుకుతున్నాయి, పెదాల దగ్గర, కళ్ళ దగ్గర, గొంతు దగ్గర, దొరకడం లేదు, ఊపిరి ఆగిపోయింది, పెదాలు రంగు మారుతున్నాయి. ఈ చూపు రేవతికి తెలుసు. హెలికాప్టరు పోతుంటే తలెత్తని అత్త మొహంలోకి తను చూసిన చూపు అది. పూలు ముడుస్తున్న మొహాల్లోకి అద్దంలోంచి చూసిన చూపు. రక్తంలోంచి వచ్చిందో, కడుపులో ఊరిందో, ఏమో, అవన్నీ ఉంటే ఉండనీ, ఈ నవ్వో? ఆ తొమ్మిది రోజులకని పెట్టుకున్న నవ్వు, ఆయన ఇంటికొచ్చాక తీసెయ్యడం మరిచిపోయింది. ఈ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి దాన్నే చూస్తోంది.

అంకమ్మ చటుక్కున పిల్లను లాక్కుని మొహం మీద ఊదింది, ఒకసారి, రెండుసార్లు, వీపు మీద అరచేత్తో తట్టింది, "తియ్యి నాన్నా, ఊపిరి తియ్యి, వదులు, అట్టా, అట్టా. వాడూ ఇంతే, అచ్చం వాడే" అని గొణుక్కుంటూ. లాస్య బుస్సున ఊపిరి తీసింది. ఏడవలేదు. నాయనమ్మ భుజం మీద తల వాల్చి మళ్ళీ తల్లి మొహం చూడసాగింది.

"అత్తయ్యా."

"ఊఁ."

"నాకు తెలుసు."

"ఏంటి తెలిసేది?"

"పడవ రాలేదని. జాడీ పగిలిన పొద్దున్నుంచే తెలుసు."

అంకమ్మ చెయ్యి పిల్ల వీపు మీద ఆగిపోయింది. వరండాలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు, మందుల కిటికీ దగ్గర వరస కదులుతోంది, ఖదీజా తన పాప చెప్పు సరిచెయ్యడంలో మునిగిపోయినట్టు తల వంచుకుంది.

"పూలు ముడిచిన నాడు?"

"అప్పటికీ తెలుసు. ఎందుకు ముడుస్తున్నారో కూడా."

"మరి నవ్వావు గదే?"

"మీరంతా నవ్వుతున్నారుగా."

ఇక కోప్పడుతుంది అనుకుంది రేవతి. లేకపోతే లేచి పోతుంది. అంకమ్మ ఎదురుగోడ మీది టీకాల బొమ్మ వైపు చూస్తూ మాట్లాడింది.

"మజ్జానం మజ్జానం ఎండుచేపలు తిరగేసొస్తానని పోయేదాన్ని, గుర్తుందా? ఆ ముసురులో ఏ చేపలెండినయ్యే? పాక ఎనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని. తొమ్మిది రోజులూ అంతే. ఒక్కదాన్నే." పిల్ల వీపు మళ్ళీ తట్టసాగింది. "చెప్పుంటే నిన్నూ తీసుకుపోయేదాన్ని గదే పిచ్చిమొహమా."

రేవతి చేతిలో కాగితం మసకబారింది. అవును అనే గడిలో గీత గీసింది, గీసి, "తొమ్మిదోది అవునని పెట్టానత్తయ్యా" అని చెప్పింది. అంకమ్మ తలూపింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, "ఐదో దాంట్లో మా వాడి పేరు కూడా రాయి" అంది. "ఆరేళ్ళొచ్చేదాకా వాడిదీ ఇదే వరస. అల గట్టిగా ఇరిగితే నీలం తిరిగిపోయేవాడు. పడవలెక్కే ఇంట్లో పుట్టి భయమేంట్రా అని నలుగురూ నవ్వుతారని మీ మావయ్య ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు. మీ అమ్మ ఒక్కదాన్నే అన్నాను ఇన్నాళ్ళూ."

"మరి ఆయనకెట్టా తగ్గింది?"

"ఏమో. ఒళ్ళో ఏసుకుని ఒడ్డున కూర్చునేదాన్ని. నాకూ భయమేరా, ఇద్దరం కలిసి భయపడదాం అనేదాన్ని. ఎప్పుడు తగ్గిందో చూసుకోలా."

ఆ మాట మీద రేవతి ఇక దాచుకోలేకపోయింది. "రెండో నెలత్తయ్యా" అంది. "ఎవరికీ చెప్పలేదు. ఉంచుకోకూడదనుకుని వచ్చాను. మిమ్మల్ని టీ బడ్డీ కాడ కూర్చోబెట్టి నేనొక్కదాన్నే పోయి అడుగుదామని." మిగతాది మాటల్లో రాలేదు, ఎక్కడెక్కడి నుంచో, నాలుగేళ్ళ వెనక నుంచి, ఆనాడు మోచేతుల దాకా తొడిగిన గాజుల కింద నుంచి, పెద్ద చప్పుడుతో ఏడుపు వచ్చింది. అంకమ్మ ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి లాక్కుంది. "ఒక్కదానివే అడగబాక" అంది, "ఉంచుకున్నా మానినా, ఏదైనా ఇద్దరం కలిసి అడుగుదాం, ఒక్కదానివే పోబాక." అని తనూ కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

లాస్య ఇద్దరి మధ్యా చిక్కుకుపోయి చూస్తోంది. తల్లి మొహం, నాయనమ్మ మొహం, మళ్ళీ తల్లి మొహం. పిడికిళ్ళు బిగుసుకుంటున్నాయి. రేవతి పెదాల మీదికి ఎప్పటిలాగే అది రాబోయింది. రానివ్వలేదు. తడి మొహం తుడుచుకోకుండానే పిల్ల కళ్ళలోకి చూసి, "భయమేసిందమ్మా నాకు" అంది. "అందుకే ఏడుస్తున్నా. నాయనమ్మక్కూడా భయమేసింది. కాసేపుంటే తగ్గిద్ది."

పిల్ల ఆ మొహంలో వెతికింది. ఈసారి వెతుకులాట ఎంతోసేపు పట్టలేదు. పిడికిళ్ళు ఇంకా సగం ముడుచుకునే ఉన్నాయి, కానీ ఊపిరి ఆగలేదు, ఛాతీ పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. జారి, ఇద్దరి తొడల మధ్య బల్ల మీద చోటు చేసుకుని కూర్చుంది, వాన తగ్గేదాకా చూరు కింద కూర్చున్నట్టు.

"ముప్పై ఒకటి! లాస్య ఎవరమ్మా? ముప్పై ఒకటి!" తలుపు తీసి సిస్టరు కేక వేసింది.

"మాది ముప్పై రెండు, మేం వెళ్తాంలే పెద్దమ్మా ముందు" అని ఖదీజా పాపను చంకనేసుకుని లేచింది.

అంకమ్మ ముక్కు చీదుకుని, వరండా అంతా వినపడేట్టు, సిస్టరు వైపు చెయ్యి ఊపింది.

"ఆ, వాళ్ళని పోనియ్యమ్మా. మేం తర్వాతొస్తాం. మాకింకా ఏడుపు అవలా."